తుప్పల్లో, గట్ల మీద పనిచేసేవాళ్ళకు స్క్రబ్ టైఫస్ రాకుండా: మేస్త్రి నుంచి కూలీ దాకా ఎవరేం చేయాలి

పొలం పనికో ఉపాధి పనికో వెళ్ళొచ్చిన పది, పన్నెండు రోజులకు జ్వరం. డెంగీ లేదన్నారు, మలేరియా లేదన్నారు, టైఫాయిడ్ మందులు వాడినా తగ్గలేదు. ఆగస్టు నుంచి జనవరి దాకా ఇదేం జ్వరమన్న ప్రశ్నలు వస్తూనే ఉంటాయి. ఇలాంటప్పుడు తప్పకుండా అనుమానించాల్సిన వాటిలో స్క్రబ్ టైఫస్ ఒకటి. 2025 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో ఈ జ్వరం కేసులు, మరణాలు వార్తల్లోకి ఎక్కాక కూలీలను పనికి తీసుకెళ్ళే మేస్త్రీలు, మేట్లు, తోటల యజమానులు కూడా అడగడం మొదలుపెట్టారు: మా మనుషులకు రాకుండా ఏం చేయాలి, వస్తే ఎలా కనిపెట్టాలి?

ఈ జబ్బుకు టీకా లేదు. కానీ సాయంత్రం పని దిగాక స్నానం చేసి బట్టలు మార్చుకోవడం, జ్వరం వస్తే ఒంటి మీద పురుగు కాటు పడిన చోట కట్టే నల్ల చెక్కు కోసం వెతకడం, ఈ రెండూ సరిగ్గా జరిగితే చాలా ప్రాణాలు నిలబడతాయి. నీళ్ళు, చాటు, కాస్త టైమ్ దొరక్కపోతే మొదటిది జరగదు. అందుకే ఇందులో సగం మాటలు కూలీలకు కాదు, పని చేయించేవాళ్ళకు.

1. మీ పని ఈ ప్రమాదం ఉన్నదేనా?

స్క్రబ్ టైఫస్‌ను కలిగించే బ్యాక్టీరియా చిగ్గర్ అనే పురుగు కాటుతో మనిషిలోకి వస్తుంది. ఇది పిడుదుకు దగ్గరి చుట్టమే కానీ చాలా చిన్నది, మిల్లీమీటరులో అయిదో వంతు ఉంటుంది. ఎరుపు, నారింజ రంగుల మధ్య ఉంటుంది. ఒంటి మీద పాకుతున్నా మామూలు కంటికి దాదాపు ఆనదు. కాటు నొప్పి కూడా ఉండదు. మిరప ఆకుల కింద కనిపించే నల్లి వేరు, అది మనిషిని కుట్టదు.

చిగ్గర్లు ఎలుకలు తిరిగే చోట, తేమ ఉన్న నేల మీద, గడ్డి మొదళ్ళలో ఉంటాయి. నేలకు జానెడు లోపలే గడ్డిపోచ చివర చేరి ఎదురుచూస్తాయి. కాలో, చెయ్యో, నేల మీద పరిచిన తువ్వాలో తగిలితే ఎక్కేస్తాయి. అక్కడి నుంచి పైకి పాకి, బట్ట బిగుతుగా పట్టిన చోట ఆగి పట్టుకుంటాయి. నడుము దగ్గర, గజ్జల్లో, చంకల్లో, రొమ్ముల కింద కాటు మచ్చలు ఎక్కువగా కనిపించేది అందుకే.

వీటిలో మీ పని ఉందేమో చూసుకోండి:

- కాలువ గట్ల మీద, చెరువు కట్టల మీద తుప్పలు కొట్టడం, పూడిక తీయడం
- జీడిమామిడి, మామిడి, ఆయిల్‌పామ్ తోటల్లో అడుగు శుభ్రం చేయడం, కాయలు ఏరడం
- వేరుశనగ పీకడం, పత్తి తీయడం, వరి కోత, కూర్చుని చేసే కలుపు పని
- గొర్రెలు, మేకలు, పశువులు కాయడం, గడ్డి కోసుకురావడం
- కరెంటు లైన్ల కింద కొమ్మలు నరకడం, రైలు పట్టాల పక్కన, రోడ్డు పక్కన గడ్డి తీయడం
- సర్వే పని, అటవీ శాఖ మొక్కల పని, ఖాళీ స్థలాల్లో చెత్త తీయడం

నీళ్ళు నిలిచిన వరి మడిలో ఉన్నంతసేపు భయం తక్కువే. ప్రమాదమంతా ఆ మడి గట్టు మీద, పొలానికీ బీడుకీ మధ్య ఉండే గడ్డిలో. చిత్రమేమిటంటే మనం అన్నం మూట విప్పేది, కాసేపు నడుం వాల్చేది కూడా సరిగ్గా అక్కడే.

2. ముందు రోజు చోటు చూసి రండి

మేస్త్రి గానీ మేట్ గానీ పనికి ముందు రోజు ఒకసారి వెళ్ళి చూడాలి. అరగంట పని. చూడాల్సినవి:

- ఎలుక బొరియలు ఎక్కడెక్కడ ఉన్నాయి? వాటి చుట్టూ చిగ్గర్లు ఉండే అవకాశం ఎక్కువ.
- గడ్డి మోకాలి ఎత్తు దాటిందా? నీడగా, తేమగా ఉందా?
- మనుషులు కూర్చోవడానికి గడ్డి లేని గట్టి నేల ఏది? కళ్ళం, సిమెంటు అరుగు, బండి దారి ఏదైనా సరే.
- నీళ్ళు ఎంత దూరంలో ఉన్నాయి? బోరు ఉందా, డ్రమ్ముతో తేవాలా?
- ఆడవాళ్ళు ఒంటికి, రెంటికి వెళ్ళడానికి చాటైన చోటు ఉందా?

చివరి ప్రశ్న చాలామంది వదిలేస్తారు. దక్షిణ కొరియా రైతులపై జరిగిన అధ్యయనంలో ఈ జబ్బు వచ్చినవాళ్ళ అలవాట్లు ఆరా తీస్తే ముఖ్యంగా నాలుగు బయటపడ్డాయి: గడ్డి మీద నేరుగా కూర్చుని సేదతీరడం, పొట్టి చేతుల చొక్కాతో పనిచేయడం, ఒట్టి చేతులతో పనిచేయడం, పొదల్లో మలమూత్ర విసర్జనకు కూర్చోవడం. మన పొలాల్లో ఈ నాలుగూ రోజూ జరిగేవే. ఒక మూల గజం మేర గడ్డి చెక్కి, చుట్టూ పాత చీరో గోనె పట్టాలో కడితే ఆ నాలుగో దానికి చవకగా పరిష్కారం దొరికినట్టే.

విశ్రాంతి చోటు చుట్టూ నాలుగైదు గజాలు గడ్డి నేల మట్టానికి కొట్టించి, కొట్టిన గడ్డిని దూరంగా వేయించండి. కుప్పగా అక్కడే వదిలేస్తే ఎలుకలు, పురుగులు మళ్ళీ దాన్నే ఆశ్రయిస్తాయి. ఇది కొట్టే మనిషికే అందరికన్నా ఎక్కువ ప్రమాదం కాబట్టి అతనికి రక్షణ సామాను ముందు ఇవ్వాలి.

ఎలుకల మందు పెట్టించాలనుకుంటే ఆగండి. ఎలుకలు ఒక్కసారిగా చచ్చిపోతే వాటి మీద బతికే చిగ్గర్లు కొత్త ఒంటి కోసం చూస్తాయి. ముందు గడ్డి శుభ్రం చేయడం, పురుగుల నియంత్రణ జరగాలి. ఎలుకల సంగతి ఆ తర్వాత, లేదా రెండూ కలిపి.

3. సామాన్లు: ఏది ముందు కొనాలి

డబ్బులు పరిమితంగా ఉంటాయి కాబట్టి వరస చెబుతున్నాను. పైనుంచి కిందికి కొనుక్కుంటూ రండి.

1. టార్పాలిన్ లేదా మందమైన ప్లాస్టిక్ పరదా. అందరూ కూర్చునేంత.
2. నీళ్ళ డ్రమ్ము, సబ్బులు.
3. పురుగులు దరిచేరకుండా ఒంటికి రాసుకునే క్రీము లేదా స్ప్రే.
4. చేతి తొడుగులు, పొడవాటి సాక్సులు.
5. మూసిన బూట్లు.
6. సన్నటి మొనల ట్వీజరు, థర్మామీటరు, పారాసిటమాల్, చిన్న నోటు పుస్తకం.

బూట్లను అయిదో స్థానంలో పెట్టడానికి కారణం ఉంది. గమ్‌బూట్లు మంచివే. కానీ ఎక్కువగా మగవాళ్ళ సైజుల్లోనే తెస్తారు. ఆడవాళ్ళ కాళ్ళకు వదులై, ఎండకు లోపల చెమట పట్టి, మధ్యాహ్నానికల్లా గట్టు మీద వరసగా విప్పేసి ఉంటాయి. కొంటే సైజు అడిగి కొనండి. లేదంటే కాన్వాసు బూట్లు, పొడవాటి సాక్సులు చాలు, వాటినైతే సాయంత్రం దాకా ఉంచుకుంటారు.

4. బట్టలు: సందు లేకుండా

చిగ్గర్ కింది నుంచి పైకి పాకుతుంది. దానికి చర్మం దొరక్కుండా చేయడమే ఇక్కడ పని.

మగవాళ్ళు లుంగీ పైకి కట్టుకుని తుప్పల్లోకి దిగొద్దు. ఫుల్ ప్యాంటు, దాని అంచులు సాక్సుల్లోకి దోపాలి. చొక్కా ప్యాంటులోకి టక్ చేయాలి, చేతులు మణికట్టు దాకా దించి గుండీ పెట్టుకోవాలి.

ఆడవాళ్ళు చీర మీద ఫుల్ చేతుల చొక్కా వేసుకోవడం మన పొలాల్లో ఎప్పటి నుంచో ఉంది. పైభాగానికి అది సరిపోతుంది. సమస్య కాళ్ళ దగ్గరే. చీర కుచ్చిళ్ళు ఎగదోపాక పిక్కలు బయటే ఉంటాయి. లంగా కింద లెగ్గింగో పాత ట్రాక్ ప్యాంటో వేసుకుని, దాని అంచు సాక్సుల్లోకి దోపితే పని అయిపోతుంది. పత్తి, మిరప కోతలకు పాత సాక్సుల కొసలు కత్తిరించి చేతులకు తొడుక్కుంటారు కదా, కలుపు పనికి కూడా అదే వాడుకోవచ్చు. తొడుగులు లేనిచోట ఒట్టి చేతులకన్నా అది నయం.

తలకు కట్టిన తువ్వాలును గట్టు మీద పడేసి మళ్ళీ మెడకు చుట్టుకోవద్దు. కొమ్మకు తగిలించండి.

5. క్రీము, స్ప్రే: ఎక్కడ, ఎంతసేపటికి

మెడికల్ షాపులో అడిగేటప్పుడు డబ్బా మీద ఏ మందు ఎంత శాతం ఉందో చూడండి. డీట్ అనే మందు ఉన్నవి చిగ్గర్ల మీద, పిడుదుల మీద బాగా పనిచేస్తాయి. 20 శాతం చుట్టుపక్కల ఉన్నది పొలం పనికి బాగుంటుంది. శాతం తక్కువైతే పనిచేసే సమయమూ తగ్గుతుంది. చెమటకు కూడా పోతుంది కాబట్టి పొద్దున ఒకసారి, భోజనం అయ్యాక ఒకసారి రాసుకోవాలి. రోజుకు ఎన్నిసార్లన్నది డబ్బా మీద రాసినదాన్ని మించొద్దు.

రాసుకునే వరస ఇది:

1. మడమలు, చీలమండలు, పిక్కలు. తర్వాత మణికట్లు, మెడ వెనక.
2. సాక్సు పైఅంచు, ప్యాంటు కింది అంచు, నడుము పట్టీ, చొక్కా కఫ్‌ల మీద బట్టపైనే స్ప్రే.
3. బట్ట లోపల దాగే చర్మానికి వద్దు. గాయాల మీద, కళ్ళ దగ్గర, పెదాలకు వద్దు.
4. అన్నం తినే ముందు సబ్బుతో చేతులు కడగాలి. మనం చేత్తో తింటాం కాబట్టి దీనికి మినహాయింపు లేదు.

చంటిపిల్లలను వెంట తెచ్చే తల్లులు ఉంటారు. రెండు నెలల లోపు పిల్లలకు డీట్ రాయకూడదు. పిల్లను గట్టు మీద పడుకోబెట్టే బదులు చెట్టుకు చీర ఉయ్యాల కట్టండి, అది కూడా కింద గడ్డి తగలనంత ఎత్తులో.

పెర్మెత్రిన్ 0.5 శాతం పట్టించిన బట్టలు ఇంకా మంచి రక్షణ ఇస్తాయి, కానీ అవి మన ఊరి దుకాణాల్లో మామూలుగా కనపడవు. అలాగని పంటకు కొట్టే మందునో, గేదెలకు పిడుదులు పోవడానికి వాడే మందునో బట్టలకు కలిపి ఉతకడం, కాళ్ళకు పూసుకోవడం మాత్రం చేయొద్దు. ఆ మందుల మోతాదు మనిషి చర్మం కోసం లెక్కగట్టింది కాదు. కిరసనాయిలు పూసుకుంటే చర్మం కాలుతుంది, దాన్ని నమ్ముకుని మిగతా జాగ్రత్తలు వదిలేయడం ఇంకో నష్టం.

6. పని జరుగుతున్నప్పుడు

- కూర్చుంటే టార్పాలిన్ మీదే. టార్పాలిన్‌కు ఒక వైపు గుర్తు పెట్టి, ఎప్పుడూ అదే వైపు నేలకు ఉండేలా పరవండి. మడిచేటప్పుడు నేల వైపు, కూర్చునే వైపు కలవకూడదు.
- అన్నం క్యారేజీలు, సంచులు, విప్పిన చొక్కాలు కొమ్మకో సైకిల్ హ్యాండిల్‌కో తగిలించండి.
- కలుపు పని వీలైనంత వరకు పొడవు కర్ర ఉన్న పనిముట్టుతో, నిలబడి.
- తుప్పలు కొట్టేటప్పుడు ముందు కర్రతోనో బ్రష్ కట్టర్‌తోనో పైభాగం తీసి, ఎండ పడనిచ్చి, ఆ తర్వాత మొదళ్ళలోకి చేతులు పెట్టండి.
- మధ్యాహ్నం కునుకు తీయాలనిపిస్తే మడత మంచం, ట్రాక్టరు ట్రక్కు, ఏదైనా సరే. నేల మీద మాత్రం వద్దు.

7. పని దిగాక మొదటి గంట

అన్నిటికన్నా గట్టిగా చెప్పాలనుకున్నది ఇదే. చిగ్గర్ ఒంటి మీదికి రాగానే కాటేసి పోయే రకం కాదు. చోటు వెతుక్కుంటుంది, పట్టుకున్నాక గంటలు, ఒక్కోసారి రోజుల తరబడి ఉంటుంది. కాబట్టి ఇల్లు చేరాక టీ తాగి, టీవీ చూసి, రాత్రి తొమ్మిదింటికి స్నానం చేస్తే దానికి కావలసినంత టైమ్ మనమే ఇచ్చినట్టు.

వరస:

1. ఇంట్లోకి రాకముందే, వాకిట్లోనో బోరు దగ్గరో పని బట్టలు విప్పి నేరుగా బకెట్లో సబ్బు నీళ్ళలో వేయండి. మంచం మీద, దండెం మీద మంచి బట్టల పక్కన వేయొద్దు.
2. వేడినీళ్ళు దొరికితే మంచిది. దొరక్కపోతే మామూలు నీళ్ళతోనైనా సబ్బు బాగా పట్టించి, తువ్వాలుతోనో పీచుతోనో గట్టిగా రుద్దండి. మడమ నుంచి మొదలుపెట్టి పైకి రండి: మోకాలి వెనక, గజ్జలు, పిరుదులు, బొడ్డు, నడుము చుట్టూ, రొమ్ముల కింద, చంకలు, మెడ, చెవుల వెనక.
3. ఒకసారి ఒళ్ళంతా చూసుకోండి. కనపడని చోట్లు ఇంట్లోవాళ్ళతో చూపించుకోండి. పిడుదులైతే కంటికి కనపడతాయి.
4. ఉతికిన బట్టలు తాడు మీద, ఎండలో ఆరేయండి. కంచె మీద, తుప్పల మీద, గడ్డి మీద పరిచి ఆరేసే అలవాటు మానాలి. ఉతికి మళ్ళీ పురుగుల మీదే పరిచినట్టవుతుంది.
5. రేపు వేసుకోవడానికి వేరే జత ఉండాలి. మూడు రోజులు ఒకే జతతో పనిచేస్తే పై నాలుగూ దండగ.

రెండు జతల పని బట్టలు ఇవ్వడం యజమానికి పెద్ద ఖర్చు కాదు. పనిని పావుగంట ముందు దించి కాళ్ళు చేతులు కడుక్కునే వీలు కల్పించడానికి అసలు ఖర్చే లేదు. కూలీలను ఆటోలో ముప్పై కిలోమీటర్లు తీసుకొచ్చే ముఠా పనుల్లో ఇది తప్పనిసరి, ఎందుకంటే వాళ్ళు ఇల్లు చేరేసరికే రాత్రి అవుతుంది.

8. పిడుదు పట్టుకుంటే

గొర్రెల కాపరులకు, పశువుల దగ్గర పనిచేసేవాళ్ళకు, అడవి పనికి వెళ్ళేవాళ్ళకు ఇది ముఖ్యం. ఒంటికి పిడుదు కనిపిస్తే:

1. ట్వీజరుతో చర్మానికి ఆనుకున్న చోట, అంటే దాని తల దగ్గర పట్టుకోండి. పొట్ట పట్టి లాగొద్దు.
2. తిప్పకుండా, కుదపకుండా, నిదానంగా నిట్టనిలువుగా లాగండి.
3. కాటు చోటు సబ్బుతో కడిగి స్పిరిట్ రాయండి.
4. పిడుదును చేతి గోళ్ళ మధ్య చిదమొద్దు. టేపుకు అంటించి మూసేయండి, లేదా స్పిరిట్‌లో వేయండి. తేదీ రాసి పెట్టుకోండి.

బీడీతో కాల్చడం, కిరసనాయిలు పోయడం, సున్నం రాయడం వద్దు. చికాకుపడ్డ పిడుదు తన నోటిలోని ద్రవాన్ని గాయంలోకి ఇంకా వదిలే ప్రమాదం ఉంది. గొర్రెల ఒంటి నుంచి పిడుదులు ఏరి ఒట్టి చేతులతో చిదిమే అలవాటు కాపరుల్లో బాగా ఉంది. గుజరాత్‌లో 2011లో బయటపడిన క్రిమియన్ కాంగో జ్వరం వంటివి పిడుదు కాటుతోనే కాదు, చిదిమినప్పుడు అంటుకునే దాని రక్తంతోనూ వస్తాయి. తొడుగులు వేసుకోండి, లేకపోతే ప్లాస్టిక్ కవరైనా చేతికి తొడుక్కోండి.

కర్ణాటకలో శివమొగ్గ, చిక్కమగళూరు, ఉత్తర కన్నడ వైపు అడవి పనులకు, తోట పనులకు వెళ్ళేవాళ్ళకు ఒక మాట. అక్కడ పిడుదుల వల్ల క్యాసనూర్ అటవీ వ్యాధి వస్తుంది. చలికాలం నుంచి వేసవి దాకా, ముఖ్యంగా జనవరి, మార్చి మధ్య ఎక్కువ. చచ్చిన కోతి కనిపిస్తే దగ్గరికి పోకుండా ఆరోగ్య సిబ్బందికో అటవీ సిబ్బందికో చెప్పాలి. ఇది వైరస్ జబ్బు, కింద చెప్పబోయే యాంటీబయాటిక్ దీనికి పనిచేయదు. అక్కడి నుంచి జ్వరంతో ఇంటికి వస్తే ఏ ఊళ్ళో పనిచేశారో డాక్టరుకు మొట్టమొదట చెప్పాలి.

9. జ్వరం వస్తే: ఇక్కడే ఎక్కువ పొరపాట్లు

కాటు పడిన 6 నుంచి 21 రోజుల్లో, ఎక్కువమందికి పదో రోజు అటూ ఇటుగా జ్వరం మొదలవుతుంది. అప్పటికి ఆ పని అయిపోయి వేరే ఊళ్ళో పని నడుస్తూ ఉంటుంది. అందుకే రెండింటికీ లంకె ఎవరికీ తట్టదు. "గడిచిన మూడు వారాల్లో గడ్డిలో, తుప్పల్లో పనిచేశానా?" అనేది జ్వరం వచ్చిన ప్రతిసారీ వేసుకోవాల్సిన ప్రశ్న.

లక్షణాలు: బాగా జ్వరం, వణుకు, విపరీతమైన తలనొప్పి, ఒళ్ళు నొప్పులు, కళ్ళు ఎర్రబడటం, గజ్జల్లోనో చంకల్లోనో బిళ్ళ కట్టడం, పొడి దగ్గు, వాంతులు. ఇవన్నీ డెంగీకీ ఉంటాయి, ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ జ్వరానికీ ఉంటాయి. తేడా పట్టిచ్చేది మచ్చ.

9.1 మచ్చ వెతకడం ఎలా

కాటు పడిన చోట ముందు చిన్న పొక్కు లేచి, అది చితికి, నల్లగా చెక్కు కడుతుంది. సిగరెట్‌తో కాల్చినట్టు ఉంటుంది: మధ్యలో నలుపు, చుట్టూ ఎర్రటి వలయం. నొప్పి ఉండదు, దురద కూడా సాధారణంగా ఉండదు. కాబట్టి రోగికి అది ఉన్నట్టే తెలియదు. "ఒంటి మీద ఏమైనా పుండు ఉందా?" అని అడిగితే లేదనే అంటారు. అడగడం కాదు, చూడాలి.

మంచి వెలుతురులో, ఇంట్లో మనిషి తోడుతో, బట్టలు తీసి చూడండి. గజ్జలు, మర్మాంగాల చుట్టూ, పిరుదుల మధ్య, బొడ్డు లోపల, మొలతాడు కింద, రొమ్ముల కింద మడత ఎత్తి, చంకలు, మోకాలి వెనక, చెవి వెనక, జుట్టు మొదళ్ళలో. చెమట ఎక్కువ పట్టే మడతల్లో నల్ల చెక్కు ఊడిపోయి పసుపు రంగు లోతులేని పుండులా మాత్రమే ఉండొచ్చు. దాన్ని ఒరుపు అనుకుని పౌడరు రాసి వదిలేస్తుంటారు.

సిగ్గు వల్ల ఆడవాళ్ళలో ఈ వెతుకులాట జరగడం లేదు. ఏఎన్ఎమ్మో ఆశా కార్యకర్తో "అక్కా, ఒకసారి లోపలికి రండి, నేను చూస్తా" అని తీసుకెళ్ళి చూస్తే అయిదు నిమిషాల్లో తేలుతుంది. మచ్చ కనిపిస్తే ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి.

మచ్చ లేదంటే జబ్బు లేదని కాదు. చాలామందిలో అసలు కనపడదు.

9.2 డాక్టరుకు చెప్పాల్సిన మాటలు

"డాక్టరు గారూ, రెండు వారాల కిందట కాలువ గట్టు మీద తుప్పలు కొట్టాను. నాలుగు రోజుల నుంచి జ్వరం. ఇక్కడ ఈ మచ్చ ఉంది. స్క్రబ్ టైఫస్ కూడా చూడండి."

ఇంతే. ఈ నాలుగు వాక్యాలు చెప్పకపోవడం వల్లే పరీక్షల చుట్టూ వారం తిరుగుతారు.

9.3 పరీక్షలు, మందులు

డెంగీ, మలేరియా పరీక్షలతో పాటు స్క్రబ్ టైఫస్ ఐజీఎం ఎలైసా అనే రక్త పరీక్ష అడగాలి. జ్వరం మొదలైన అయిదారు రోజుల లోపు చేస్తే జబ్బు ఉన్నా నెగెటివ్ రావచ్చు. వీల్-ఫెలిక్స్ అనే పాత పరీక్ష చాలా కేసులను వదిలేస్తుంది. అందుకే భారత వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాలు కూడా, అనుమానం బలంగా ఉంటే రిపోర్టు కోసం ఆగకుండా వైద్యం మొదలుపెట్టమనే చెబుతాయి.

పెద్దవాళ్ళకు మామూలుగా ఇచ్చేది డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు, పూటకొకటి చొప్పున రోజుకు రెండు, 7 రోజులు. గర్భిణులకు అజిత్రోమైసిన్ ఇస్తారు. పిల్లలకు బరువును బట్టి డాక్టరే నిర్ణయించాలి. డాక్సీసైక్లిన్ పాతది, చవకైనది, ప్రభుత్వ ఆసుపత్రుల్లో దొరికేది. అయినా మనుషులు పోతున్నారంటే ఆలస్యం వల్ల. సరైన మందు పడితే చాలామందికి 48 గంటల్లో జ్వరం దిగుతుంది. దిగకపోతే మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. జబ్బు ముదిరి సెలైన్ ద్వారా మందు ఎక్కించాల్సి వస్తే, డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి ఇవ్వడం విడివిడిగా ఇవ్వడం కన్నా మేలని 2023లో వెలువడిన భారతీయ పరిశోధన తేల్చింది. అది ఆసుపత్రిలో చేసే వైద్యం.

డాక్సీసైక్లిన్ వేసుకునేటప్పుడు: నిండు గ్లాసు నీళ్ళతో, కూర్చుని మింగాలి. మింగగానే పడుకుంటే గొంతు కింద గొట్టంలో ఇరుక్కుని పుండు పడుతుంది. పాలు, ఐరన్ మాత్రలు, గ్యాస్ మందులకు రెండు గంటలు ఎడం ఉంచండి. ఆ వారం ఎండలో తిరిగితే చర్మం కమిలిపోతుంది.

9.4 తరచూ జరిగే పొరపాట్లు, దిద్దుబాట్లు

*టైఫస్‌ను టైఫాయిడ్ అనుకోవడం.* ఊళ్ళో టైఫాయిడ్ కోసం చేసే విడాల్ పరీక్ష చేస్తారు, కాస్త పాజిటివ్ అంటారు, టైఫాయిడ్ ఇంజెక్షన్లు మొదలవుతాయి. సెఫ్ట్రియాక్సోన్, అమాక్సిసిలిన్ వంటివి స్క్రబ్ టైఫస్‌ను తాకవు. మూడు రోజుల ఇంజెక్షన్లకూ జ్వరం దిగకపోతే అయిదు రోజుల కోర్సు పూర్తి చేసేదాకా ఆగొద్దు, పెద్ద ఆసుపత్రికి వెళ్ళండి.

*ప్లేట్‌లెట్లు తగ్గాయి కాబట్టి డెంగీ అనుకోవడం.* స్క్రబ్ టైఫస్‌లోనూ తగ్గుతాయి.

*జ్వరం తగ్గగానే మందు ఆపడం.* డాక్టరు రాసినన్ని రోజులూ వేసుకోవాలి.

*ముందు జాగ్రత్త అని అందరికీ డాక్సీసైక్లిన్ పంచడం.* ఇద్దరికి జ్వరం వచ్చిందని ముఠా మొత్తానికి మెడికల్ షాపు నుంచి స్ట్రిప్పులు తెచ్చిపెట్టే యజమానులు ఉన్నారు. మంచి మనసే, కానీ గర్భిణి ఎవరో, ఇంకే మందులు వాడుతున్నారో తెలియకుండా చేసే పని అది. ఆ డబ్బుతో టార్పాలిన్ కొనండి.

*రోగిని వేరుగా పెట్టడం.* మనిషి నుంచి మనిషికి ఇది అంటదు. ఇంట్లో ఒకరికి వస్తే దూరం పెట్టాల్సిన పనిలేదు, అందరూ ఒకే గడ్డిలో పనిచేశారా అని మాత్రం చూడాలి.

9.5 ఇవి కనిపిస్తే 108కి ఫోన్

- ఆయాసం, ఊపిరి అందకపోవడం
- మాట తడబడటం, మగత, మనుషులను గుర్తుపట్టలేకపోవడం, ఫిట్స్
- మూత్రం సరిగా రాకపోవడం
- కళ్ళు పచ్చబడటం, రక్తస్రావం
- చేతులు కాళ్ళు చల్లబడి, లేస్తే కళ్ళు తిరగడం

రెండో వారంలోకి వెళ్ళిన జ్వరంలో ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దెబ్బతినే ప్రమాదం పెరుగుతుంది. తెల్లారాక చూద్దాం అనుకోవద్దు.

10. మేస్త్రి నోటు పుస్తకం

మస్టర్‌లో హాజరు ఎలాగూ రాస్తారు. దాని పక్కనే ఇంకో పేజీలో ఇవి రాసుకోండి:

- తేదీ, పని జరిగిన చోటు (గట్టు పేరో, తోట పేరో)
- ఆ రోజు గడ్డి కొట్టినవాళ్ళ పేర్లు
- పని అయిపోయాక మూడు వారాల దాకా ఎవరికైనా జ్వరం వచ్చిందా? వస్తే తేదీ
- పిడుదు తీసి ఉంటే ఎవరికి, ఎప్పుడు

వారానికోసారి ఫోన్ చేసి "వదినా, ఒంట్లో ఎలా ఉంది, జ్వరమేమైనా వచ్చిందా?" అని అడిగితే చాలు. ఒకే చోట పనిచేసిన ఇద్దరికి జ్వరం వస్తే ఏఎన్ఎమ్‌కో పీహెచ్‌సీకో చెప్పండి. ఏపీలో విలేజ్ హెల్త్ క్లినిక్, తెలంగాణలో పల్లె దవాఖానా దగ్గర్లో ఉంటే అక్కడ చెప్పినా సరే. ఆ చోటు శుభ్రం చేయించేదాకా పని వేరే వైపు మళ్ళించండి. ఆసుపత్రి ఓపీ చీటీలు, రిపోర్టులు కూలీలు దాచుకోవాలి. పని వల్ల జబ్బు వచ్చిందని ఎవరినైనా అడగాల్సి వస్తే ఈ పేజీ, ఆ చీటీలే ఆధారం.

11. మళ్ళీ పనిలోకి

జ్వరం దిగినా నీరసం రెండు మూడు వారాలు ఉండొచ్చు. మందు వాడుతున్నన్నాళ్ళూ ఎండ పని పెట్టొద్దు. తిరిగి వచ్చిన మొదటి రోజుల్లో తూకం, లెక్క, నీళ్ళు అందించడం వంటి తేలిక పనులు ఇవ్వండి, కూలి తగ్గించకుండా. కూలి పోతుందనే భయంతోనే చాలామంది జ్వరాన్ని దాచి, పారాసిటమాల్ మింగి పనిలోకి వస్తున్నారు.

ఒకసారి వచ్చింది కదా, ఇక రాదులే అని కొందరు సాక్సులు, క్రీము పక్కన పెట్టేస్తారు. ఈ బ్యాక్టీరియాలో రకాలు చాలా ఉన్నాయి. ఒక రకంతో వచ్చిన రక్షణ ఇంకో రకానికి సరిగా పనిచేయదు, వచ్చినది కూడా ఎక్కువ కాలం నిలవదు. కాబట్టి కోలుకుని వచ్చిన మనిషికీ, కొత్తగా చేరిన మనిషికీ జాగ్రత్తలు ఒకటే.